విప్పేటప్పుడు మైనస్ ముందు



పొద్దున్నే ఆఫీసుకో, ఆసుపత్రికో బయల్దేరతాం. తాళం తిప్పితే సెల్ఫ్ తిరగదు. టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఇంజను కదలదు. కారున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఇది జరుగుతుంది. పట్నంలో అయితే బ్యాటరీ షాపుకు ఫోన్ చేస్తాం. కుర్రాడు స్కూటర్ మీద కొత్త బ్యాటరీ పెట్టుకొని వచ్చి, కాసేపట్లో మార్చేసి వెళ్లిపోతాడు. పల్లెలో అయితే పక్కింటి అబ్బాయో, ట్రాక్టరు నడిపే తమ్ముడో స్పానర్ పట్టుకొని వస్తాడు. ఆ కాసేపట్లో జరిగే పని గురించే ఈ రోజు నా ప్రసంగం. కారు బ్యాటరీని ప్రమాదం లేకుండా ఎలా విప్పాలి, కొత్తదాన్ని ఎలా బిగించాలి, పాతదాన్ని ఏం చేయాలి అన్నవి చెబుతాను.

ఈ పని మీరే చేసుకోవాలని నేను అనను. కానీ చేసేవాళ్ల పక్కన నిలబడి చూసేటప్పుడైనా ఏది ముందు, ఏది వెనక అన్నది మీకు తెలిసి ఉండాలి. వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లు నిండాయో లేదో. చేతులకు గ్లవుజులుండవు, కళ్లకు అద్దాలుండవు. వేలికి ఉంగరం, మణికట్టుకు కడియం ఉంటాయి. ఇంకో నాలుగిళ్లు తిరగాలి, తొందరలో ఉంటాడు. అతను ఎర్ర తీగ నట్టు మీద ముందుగా స్పానర్ పెడుతుంటే, "ఆగు బాబూ, ముందు మైనస్ విప్పు" అనగలిగితే చాలు. ఆ ఒక్క మాటతో అతని చెయ్యి కాలకుండా ఉండవచ్చు, కన్ను పోకుండా ఉండవచ్చు.

"12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా" అంటారు చాలామంది. షాక్ కొట్టదు, నిజమే. పొడి చేతులతో బ్యాటరీ రెండు టెర్మినళ్లూ పట్టుకున్నా జిల్లుమనదు. 12 వోల్టులకు మన చర్మాన్ని దాటుకొని ఒంట్లోకి వెళ్లేంత బలం లేదు. ఇక్కడ భయపడాల్సింది ఆంపియర్లకు. ఆగి ఉన్న ఇంజనును తిప్పాలంటే చిన్న పెట్రోలు కారు స్టార్టర్ మోటారుకే వంద ఆంపియర్లకు పైగా కావాలి. డీజిల్ బండికి ఇంకా ఎక్కువ. అడిగిన మరుక్షణం అంత కరెంటు ఇవ్వడానికే ఈ బ్యాటరీని తయారుచేశారు. అడిగింది మోటారా, పొరపాటున అడ్డం పడిన ఇనుప ముక్కా అన్నది దానికి తెలియదు. ఇనుప ముక్క అయితే మోటారుకున్నంత అడ్డు కూడా ఉండదు కాబట్టి వందల ఆంపియర్లు, మంచి ఛార్జింగులో ఉన్న బ్యాటరీ అయితే వెయ్యికి పైగా ఒక్కసారిగా పారుతాయి. వెల్డింగ్ షాపులో మామూలు రాడ్డుతో ఇనుమును కరిగించి అతికించడానికి వాడేది వంద ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ. కారు బ్యాటరీ ఏం చేయగలదో దీన్నిబట్టి తెలుసుకోండి.

ఈ బ్యాటరీ కొత్త సరుకేమీ కాదు. సీసం పలకలను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి, మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకోగల బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. అమెరికాలో 1912 నాటి కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక బ్యాటరీ లేని కారు లేకుండా పోయింది. మన దగ్గర పాత జీపులకు, లారీలకు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. హ్యాండిల్ పోయింది కానీ, ఆ శ్రమంతా మన బదులు పడే పెట్టె లోపల సరుకు ఇవాళ్టికీ ఆ సీసం, ఆ యాసిడే.

ఇక అసలు విషయానికి వద్దాం. మైనస్ ముందు విప్పాలి అంటున్నాను. ఎందుకు?

కారులో లైటుకూ, హారనుకూ, వైపరుకూ పోవడానికో తీగ, రావడానికో తీగ అని రెండేసి వేయరు. ప్లస్ వైపు నుంచి తీగ వెళ్తుంది. తిరిగి వచ్చే దారి బండి బాడీయే. బ్యాటరీ మైనస్ నుంచి లావుపాటి నల్ల తీగ ఒకటి బయల్దేరి బాడీకీ, ఇంజనుకూ బోల్టుతో బిగించి ఉంటుంది. మెకానిక్కులు దీన్ని ఎర్త్ అంటారు. అంటే బానెట్ ఎత్తాక మీకు కనిపించే ఇనుమంతా మైనస్సే. ఇంజను మైనస్, బ్యాటరీని పట్టి ఉంచే ఇనుప పట్టీ మైనస్, పక్కనున్న మడ్‌గార్డు రేకు మైనస్, మీరు చెయ్యి ఆనించి వంగే ఆ అంచు కూడా మైనస్.

ఇప్పుడు ఎవరో ప్లస్ నట్టు మీద స్పానర్ పెట్టి ముందుగా దాన్నే విప్పుతున్నారనుకోండి. మైనస్ ఇంకా బిగించే ఉంది. స్పానర్ తిరుగుతూ తిరుగుతూ రెండో కొస పక్కనున్న రేకుకు తగిలిందా, దారి పూర్తయినట్టే. ప్లస్ నుంచి స్పానర్‌లోకి, స్పానర్ నుంచి బాడీలోకి, బాడీ నుంచి మైనస్‌లోకి కరెంటు దూకుతుంది. మధ్యలో ఫ్యూజు లేదు, స్విచ్చు లేదు. కారు తాళం తీసేసి జేబులో పెట్టుకున్నా దీన్ని ఆపలేదు.

మైనస్ ముందు విప్పారనుకోండి. స్పానర్ రేకుకు తగిలినా ఏమీ కాదు. రెండూ ఒకే వైపువి కదా. నల్ల తీగను ఊడదీసి పక్కకు పెట్టారంటే బాడీకీ బ్యాటరీకీ సంబంధం తెగిపోయింది. ఆ తర్వాత ప్లస్ విప్పేటప్పుడు స్పానర్ ఎక్కడ తగిలినా కరెంటుకు తిరిగి వచ్చే దారి లేదు. బిగించేటప్పుడు ఇదే లెక్కను తిరగేయాలి. ముందు ప్లస్, అన్నీ సర్దుకున్నాక చివరగా మైనస్. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ వెనక. కారణం తెలిసినవాళ్లు ఈ వరసను మర్చిపోరు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

పాత బ్రిటిష్ కార్లలో కొన్నిటికి ప్లస్‌నే బాడీకి కలిపేవారు. పాత కార్లంటే ప్రేమతో దాచుకున్నవాళ్ల ఇళ్లలో అలాంటివి కనిపిస్తాయి. వాటికైనా సూత్రం ఒకటే: బాడీకి ఏ తీగ కలిసి ఉందో దాన్నే ముందు విప్పాలి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డులో గోడకు మేకు కొట్టి వేలాడదీసిన స్పానర్‌ను చూశాను. రెండు వైపులా నోరున్న మామూలు స్పానర్. మధ్యలో ఒకచోట అంచు కరిగిపోయి, చిటికెనవేలి గోరంత గుంట పడింది. ఆ గుంట చుట్టూ ఇనుము నీలం రంగుకు తిరిగింది. అంచు వెంబడి కరిగిన లోహం ఆవగింజల్లాంటి గుండ్లుగా గడ్డకట్టి ఉంది. "ఎంతసేపు తగిలిందండీ?" అని అడిగాను. "ఎంతసేపేంటి సార్, తగిలింది, ఎగిరిపడింది, అంతే" అన్నాడు మేస్త్రీ. పనికి చేరిన ప్రతి పిల్లాడికీ మొదటి రోజు ఆ స్పానర్ చేతికిచ్చి, గుంటలో వేలు పెట్టి చూడమంటాడట. "ఒరేయ్, ముందు నలుపు, తర్వాత ఎరుపు" అని అప్పుడు చెబుతాడు. పని నేర్పడమంటే అలా నేర్పాలి. ఆ మేస్త్రీ అంటే నాకు చాలా గౌరవం.

ఆ స్పానర్ ఉన్నచోట మీ వేలి ఉంగరం ఉందనుకోండి. బంగారమైనా, వెండైనా కరెంటు పారడానికి ఇనుము కంటే ఎన్నో రెట్లు అనువైనవి. ఉంగరం ఒక వైపు స్పానర్‌కూ, ఇంకో వైపు రేకుకూ ఆనితే క్షణంలో కాగిపోయి వేలి చుట్టూ చర్మాన్ని మాడ్చేస్తుంది. లాగేద్దామంటే అప్పటికే వేలు వాచి అది కదలదు. కాబట్టి బానెట్ ఎత్తేముందు ఉంగరాలు, కడియం, లోహపు గొలుసు ఉన్న గడియారం తీసి ఇంట్లో పెట్టిరండి. మెడలో గొలుసు ఉంటే వంగినప్పుడు వేలాడకుండా చొక్కా లోపలికి వేసుకోండి. ఆడవాళ్లు చేస్తుంటే గాజుల సంగతీ చూసుకోవాలి.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు, ముఖ్యంగా నిండాక కూడా ఛార్జింగ్ సాగుతుంటే, లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ పుడతాయి. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. మన వంటగ్యాసు అయితే సుమారు 2 నుంచి 10 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. తేడా ఎంతో చూడండి. బ్యాటరీ పైభాగంలో మిగిలి ఉన్న వాయువుకు నిప్పు తగిలితే ప్లాస్టిక్ డబ్బా పగిలి, ముక్కలూ యాసిడూ కలిసి వంగి చూస్తున్నవాళ్ల మొహం మీద పడతాయి. అందుకే అప్పుడే బండి ఆపి వెంటనే బ్యాటరీ మీద చెయ్యి వేయకూడదు. అప్పటిదాకా ఛార్జర్ మీద ఉన్న బ్యాటరీ అయితే ముందు ఛార్జర్ ప్లగ్గు గోడ దగ్గర తీసేసి, ఆ తర్వాతే క్లిప్పులు ఊడదీయాలి. గాలాడని సెల్లార్‌లో కంటే బయట వెలుతురులో పని చేసుకోవడం మంచిది. బీడీ, సిగరెట్ సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్లు ఎంతున్నాయో చూడ్డానికి అగ్గిపుల్ల గీయడం, లైటర్ వెలిగించడం అసలే వద్దు. దసరాకు బండి పూజ చేసేటప్పుడు హారతి బండి ముందు ఇవ్వండి. బానెట్ ఎత్తి బ్యాటరీ పక్కన కర్పూరం వెలిగించవద్దు.

యాసిడ్ సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. బ్యాటరీని ఎప్పుడూ పక్కకు వంచకూడదు. చేతికి రబ్బరు గ్లవుజులు, కళ్లకు పెద్ద అద్దాలు ఉండాలి. వెల్డింగ్ చేసేవాళ్లు గ్రైండింగుకు వాడే ప్లాస్టిక్ అద్దాలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. యాసిడ్ చర్మం మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి 15, 20 నిమిషాలపాటు ఆపకుండా నీళ్లు పోస్తూ కడిగి, ఆ తర్వాత కళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ముందు ఆసుపత్రికి పరుగెత్తి అక్కడ కడిగిద్దామనుకుంటే ఆలోపే కన్ను పాడవుతుంది. అందుకే పని మొదలుపెట్టేముందే బకెట్టుతో నీళ్లు పక్కన పెట్టుకోండి.

అసలు మార్చాల్సింది బ్యాటరీయేనా అన్నది ముందు తేల్చుకోవాలి. సెల్ఫ్ తిరగలేదని పరుగెత్తుకెళ్లి కొత్తది కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. టెర్మినల్ వదులుగా ఉన్నా, దాని మీద తెల్లగా, నీలంగా పొడి పేరుకున్నా కరెంటు సరిగ్గా పారక అలాగే టిక్కు టిక్కుమంటుంది. శుభ్రం చేసి గట్టిగా బిగిస్తే బండి కదులుతుంది. మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కొన్ని గంటలు బండి కదపకుండా ఉంచి కొలిస్తే, నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. బ్యాటరీ లోపలి ఒక్కో గదికి రెండు వోల్టుల పైచిలుకు చొప్పున ఆరు గదులు కలిస్తే వచ్చే లెక్క అది. 12.2 అంటే సగం అయిపోయింది. 12 కంటే దిగితే బాగా దిగిపోయినట్టే. ఇంజను ఆన్ చేసి కొలిస్తే దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. చాలా బళ్లలో లెక్క ఇదే. ఇంజను తిరుగుతున్నా అంకె 12 దగ్గరే ఆగిపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పని చేయట్లేదేమో చూపించుకోవాలి. అది బాగుచేయించకుండా ఎంత ఖరీదు పెట్టి కొత్త బ్యాటరీ వేసినా ఒకటి రెండు రోజుల్లో అదీ దిగిపోతుంది.

మన ఎండలు బ్యాటరీని తినేస్తాయి. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో ఊహించండి. ఆ వేడికి లోపలి రసాయన చర్యలు వేగంగా సాగి, పలకలు తొందరగా తుప్పుపడతాయి, నీరు ఆవిరవుతుంది. దెబ్బ ఎండాకాలంలో తగులుతుంది, బయటపడేది మాత్రం చలికాలంలో. చలికి బ్యాటరీ ఇచ్చే కరెంటు తగ్గుతుంది, ఇంజను ఆయిల్ చిక్కబడుతుంది. డిసెంబరులో లంబసింగి చూడ్డానికి వెళ్లినవాళ్ల బళ్లు తెల్లవారుజామున మొరాయించడానికి మూలం చాలాసార్లు అంతకుముందు వేసవిలోనే ఉంటుంది. మన వాతావరణంలో బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లు వస్తే బాగా వచ్చినట్టే. మూడేళ్లు దాటాక ప్రతి ఎండాకాలం చివర ఒకసారి పరీక్ష చేయించుకోండి.

సరే, మార్చాలని తేలింది. బండి సమంగా ఉన్నచోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, లైట్లు, ఏసీ, పాటలు అన్నీ ఆపండి. తాళం మీ జేబులో ఉండాలి. కారు లోపల వదిలేయకండి. కరెంటు పోగానే తలుపులు లాక్ అయితే చిక్కు. బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లున్నాయి, వాటిలో చాలావాటి డిక్కీ విద్యుత్తుతోనే తెరుచుకుంటుంది కాబట్టి ముందే తెరిచి ఉంచుకోవాలి. తాళం తీశాక కూడా కొత్త కార్లలో కంప్యూటర్లు కొన్ని నిమిషాలు మేలుకొనే ఉంటాయి. పది, పదిహేను నిమిషాలు ఆగి మొదలుపెట్టండి.

ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది తీగ రంగు చూసి నమ్మవద్దు. ఎప్పుడో ఎవరో తీగ మార్చి ఉంటే నల్లది ప్లస్‌కే ఉండవచ్చు. బ్యాటరీ మీద అచ్చువేసిన గుర్తు చూడండి. దుమ్ము పట్టి ఉంటే తుడిచి చూడండి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. ప్లస్ టెర్మినల్ గుండు మైనస్ గుండు కంటే కాస్త లావుగా ఉంటుంది, ఒకదాని క్లాంపు ఇంకోదానికి సరిగ్గా పట్టదు. విప్పేముందు ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

స్పానర్ మధ్య భాగానికి ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టండి. బాడీ నుంచి వచ్చే ప్రమాదం మైనస్ ముందు విప్పడంతో తప్పుతుంది కానీ, పొడవాటి స్పానర్ ప్లస్ నుంచి మైనస్ దాకా అడ్డంగా పడే ప్రమాదం మిగిలే ఉంటుంది. మైనస్ నట్టు వదులయ్యాక క్లాంపును అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చి తన్నవద్దు, సీసపు గుండు మెత్తన, మొదలు దగ్గర పగిలిపోతుంది. చాలా కొత్త కార్లలో మైనస్ క్లాంపు దగ్గరే చిన్న సెన్సరు ఉంటుంది, దాన్ని పట్టుకొని లాగితే బ్యాటరీ ఖరీదుకు తోడు దాని ఖరీదూ పడుతుంది. ఊడిన తీగ స్ప్రింగులా వెనక్కి వచ్చి మళ్లీ గుండుకు తగలకుండా గుడ్డ చుట్టి దూరంగా వంచి పెట్టండి. ఆ తర్వాతే ప్లస్. చివరగా బ్యాటరీని పట్టి ఉంచిన పట్టీ.

పైకెత్తేటప్పుడు నడుం జాగ్రత్త. చిన్న కారుదే పది కిలోల దాకా ఉంటుంది, డీజిల్ బండిది ఇంకా బరువు. లోతుగా వంగి, చేతులు చాచి ఎత్తాలి కాబట్టి ఆ పది కిలోలే ఇరవై కిలోల్లా తోస్తాయి. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఇంకొకరి చేత ఎత్తించండి. నిటారుగా ఎత్తి నిటారుగానే కింద పెట్టాలి.

బ్యాటరీ కూర్చునే తట్ట, తీగల క్లాంపులు శుభ్రం చేయడానికి ఇదే సమయం. వంటసోడా నీళ్లలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ తెల్ల పొడి బుసబుసా పొంగి పోతుంది. యాసిడ్‌ను సోడా విరిచేస్తుంది. మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడవాలి. నీళ్లు పోసే మూతలున్న బ్యాటరీ మీద ఈ పని చేస్తే సోడా నీళ్లు లోపలికి ఒక్క చుక్క కూడా పోకూడదు. ఆ మూతల్లో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కుళాయి నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు, తగ్గిందని మళ్లీ యాసిడ్, ఇవేవీ పోయకూడదు.

కొత్తది కొనేటప్పుడు కారు పుస్తకంలో రాసిన సైజు, ఆంపియర్ అవర్లు చూసి అదే తీసుకోండి. ప్లస్ కుడి వైపా, ఎడమ వైపా అన్నది కూడా కలవాలి. తిరగేసి ఉన్న బ్యాటరీ చవగ్గా వస్తోందని తీసుకుంటే తీగ అందదు. అందించాలని లాగితే ఎక్కడో రాసుకొని ఒకరోజు షార్ట్ అవుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తానే ఆగి, క్లచ్ తొక్కగానే స్టార్ట్ అయ్యే కార్లకు వాటికోసమే చేసిన ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ ఉంటుంది. దాని స్థానంలో మామూలుది వేస్తే తొందరగా చచ్చిపోతుంది. తయారీ తేదీ చూడండి, షాపులో నెలల తరబడి పడి ఉన్నది వద్దు. షాపువాళ్ల ముందే మీటరు పెట్టించి 12.5 కంటే తక్కువ ఉంటే ఇంకోటి అడగండి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి.

బిగించేటప్పుడు ముందు పట్టీ. ఇది చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. పట్టీ వదులుగా ఉంటే మన రోడ్ల కుదుపులకు లోపలి పలకలు రాలిపోతాయి. బ్యాటరీ కదిలి ప్లస్ గుండు బానెట్‌కు తగిలినా తగలవచ్చు. ఆ తర్వాత ప్లస్, దాని మీద ఎర్ర టోపీ. చివరగా మైనస్. మైనస్ తగిలించే క్షణంలో చిన్న రవ్వ రావచ్చు, అది మామూలే. మొహం మాత్రం దగ్గరగా పెట్టవద్దు. చేత్తో తిప్పితే క్లాంపు కదలకూడదు, అంతవరకు బిగిస్తే చాలు. బిగించాక పైన పల్చగా వాజలైన్ రాస్తే పొడి తొందరగా పట్టదు. ఆ తర్వాత గడియారం, కిటికీ అద్దాల ఆటోమేటిక్ బటను వంటివి మళ్లీ సర్దుకోవాలి, కారు పుస్తకంలో ఉంటుంది.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోనూ 12 వోల్టుల బ్యాటరీ వేరుగా ఉంటుంది. కానీ వాటిలో నారింజ రంగు తీగలు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. వాటిలో వందల వోల్టులుంటాయి, అవి ప్రాణం తీస్తాయి. ఆ కార్లను కంపెనీ వాళ్లకే వదిలేయండి.

పిల్లలు అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉండి, కారు అపార్ట్‌మెంట్ కింద కవరు కప్పుకొని నెలల తరబడి నిలబడే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆగి ఉన్న కారు కూడా అలారానికి, గడియారానికి, కంప్యూటర్లకు కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 700 గంటల్లో, అంటే నెల తిరగకుండానే ఖాళీ. సెల్ఫ్ తిరగలేని స్థితి ఇంకా ముందే వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక ఎన్ని ఇళ్ల ముందు కార్లు ఇలా చచ్చిపడ్డాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి మళ్లీ ఛార్జింగ్ ఎక్కదు. నెలకు మించి ఊరెళ్తుంటే మైనస్ విప్పి గుడ్డ చుట్టి పెట్టి వెళ్లండి.

వరద వచ్చినప్పుడు ఈ పని ఇంకా ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు కార్లు పైకప్పుల దాకా నీళ్లలో నిలబడ్డాయి. నీళ్లు తీశాక ఆశతో తాళం తిప్పి చూడాలనిపిస్తుంది. తిప్పవద్దు. ఇంజనులోకి నీళ్లు వెళ్లి ఉంటే లోపలి కడ్డీలు వంగిపోతాయి, తడిసిన తీగల్లో షార్ట్ అయి మంట రావచ్చు. మామూలు పెట్రోలు, డీజిల్ కారైతే నేల ఆరాక మైనస్ విప్పి, బీమా వాళ్లకు చెప్పి, వర్క్‌షాపుకు లాగించుకెళ్లండి. ఎలక్ట్రిక్ కారైతే దూరంగా ఉండి కంపెనీకి ఫోన్ చేయండి. బానెట్ లోంచి మంటలే కనిపిస్తుంటే మైనస్ సంగతి వదిలేయండి. బానెట్ ఎత్తితే గాలి అంది మంట పెరుగుతుంది. మనుషులను దించి దూరంగా వెళ్లి ఫైరింజనును పిలవాలి.

చివరగా, విప్పి కింద పెట్టిన ఆ పాత బ్యాటరీ. దాని బరువులో సగానికి పైగా సీసమే. సీసం విలువైనది, కరిగించి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అందుకే పాత సామాన్లు కొనేవాళ్లు ఇంటికొచ్చి అడుగుతారు, షాపువాళ్ల కంటే వంద రెండొందలు ఎక్కువ కూడా ఇస్తామంటారు. ఆ డబ్బు కోసం ఇవ్వకండి. అది ఎక్కడికి పోతుందో చూడండి. ఏదో పెరట్లో గొడ్డలితో పగలగొట్టి, యాసిడ్‌ను మట్టిలోకి పారబోసి, పలకలను పొయ్యి మీద కరిగిస్తారు. ఆ పొగలో, ఆ దుమ్ములో సీసం ఉంటుంది. చిన్నపిల్లల మెదడును అది కోలుకోలేనంతగా దెబ్బతీస్తుంది. సెనెగల్ రాజధాని డాకార్ శివార్లలో థియారాయ్ సుర్ మేర్ అనే పేట ఉంది. అక్కడ పాత బ్యాటరీల సీసం కలిసిన మట్టిని జల్లెడ పట్టి సీసం ఏరుకునేవారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు ఆ పేటలో 18 మంది పసిపిల్లలు చనిపోయారు. తల్లులు నాలుగు రూకల కోసం చేసిన పని అది.

మన దేశంలో 2022 ఆగస్టులో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అమ్మిన బ్యాటరీలను వాడకం అయ్యాక వెనక్కి తీసుకొని శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టింది. వాడినవాళ్లు కూడా పాతదాన్ని మామూలు చెత్తలో కలపకుండా సేకరించేవాళ్లకో, శుద్ధి చేసేవాళ్లకో అప్పగించాలని చెప్పింది. మీకు కష్టమేమీ లేదు. కొత్తది కొన్న షాపులోనే పాతది ఇస్తే ధరలో కొంత తగ్గిస్తారు. ఇచ్చినప్పుడు బిల్లు మీద పాత బ్యాటరీ తీసుకున్నట్టు రాయించుకోండి. పనికొచ్చిన కుర్రాడికి ఒక జత గ్లవుజులు, కళ్లద్దాలు మీరే కొనిపెట్టినా ఖర్చు ఎక్కువేమీ కాదు. అవి అతను రేపు ఇంకో ఇంట్లో కూడా వాడుకుంటాడు.